క్యారియర్ల ప్రసన్నలక్ష్మి

బందరులో ఈడేపల్లి వైపు వెళ్లి ప్రసన్నలక్ష్మి గారిల్లు ఎక్కడండీ అని ఎవర్నయినా అడిగితే, "క్యారియర్ల ప్రసన్నమ్మ గారేనా?" అని ఎదురు ప్రశ్న వేసేవారు. పొద్దెక్కేసరికి ఆమె అరుగు మీద స్టీలు క్యారియర్లు బారు తీరి ఉండేవి. బ్యాంకులో కొత్తగా చేరిన కుర్రాళ్లు, భార్య పుట్టింటికి వెళ్లిన గుమాస్తాలు, పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేని ముసలివాళ్లు, కోర్టు పక్కన టైపు కొట్టుకుని బతికే శేషాచలం గారు, వీళ్లందరి మధ్యాహ్నం భోజనమూ ఆ అరుగు మీంచే వెళ్లేది.

పప్పూ పులుసూ ఎవరైనా చేస్తారు. ఆమె పేరు నిలబెట్టింది పెరుగన్నం. అన్నాన్ని మెత్తగా చిదిపి, కాసిని పాలు పోసి, చల్లారాక కమ్మటి పెరుగు వేసి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరిగి చేత్తో కలిపేది. గరిటెతో కలిపితే ఆ రుచి రాదండీ అనేది ఎవరడిగినా.

ఆమె పుట్టింది దివిసీమలో, నాగాయలంక దగ్గర ఒక పల్లెలో. పదో తరగతిలో అన్నీ పాసై ఇంగ్లీషు ఒక్కటీ పోయింది. మళ్లీ కడతానంటే ఇంట్లో వద్దన్నారు. పెడనలో మగ్గం నేసే ధనుంజయరావుకిచ్చి పెళ్లి చేశారు. మగ్గం మీద కూడు దొరకని రోజులొచ్చి మొగుడూ పెళ్లాలు గుడివాడ వెళ్లారు. కాలేజీ కుర్రాళ్లకి భోజనం పెట్టే ఒక మెస్సులో ఆమె వంట, అతను సరుకులు తేవడం. అక్కడ కుదురుకుంటున్నాం అనుకునేలోపు ధనుంజయరావుకి టైఫాయిడ్ తగిలింది. పేగుకి చిల్లు పడిందన్నారు ఆసుపత్రిలో. ఆ మాట అర్థమయ్యేలోపే అతను పోయాడు. ఆ మధ్యలో ఆమెకీ కొన్నాళ్లు ఒళ్లు కాలింది గానీ, మంచం పక్కన నేల మీదే పడుకుని లేచి తిరిగింది. మనిషి చావుబతుకుల్లో ఉంటే తన ఒంటిని ఎవరు పట్టించుకుంటారు.

పిల్లల్లేరు. మెస్సులోనే ఏళ్లకేళ్లు గడిపేసింది. ఏటా వానాకాలం ఎవరో ఒక కుర్రాడు జ్వరంతో పడిపోయేవాడు. బార్లీ కాచి, జావ చేసి, గదిదాకా పట్టుకెళ్లి తాగించేది. "మీ జావతోనే లేచానక్కా" అనేవాళ్లు వాళ్లు. ఆ మాటలు తలుచుకుంటే చాలా కాలం ఆమెకి కడుపు నిండినట్టుండేది.

చెల్లెలు సరోజిని కూతురు తేజస్వినికి బందరులో నర్సింగ్ సీటు రావడంతో ఆమె జీవితం మళ్లీ కదిలింది. "హాస్టల్ తిండి దానికి పడదక్కా, నువ్వు దగ్గరుంటే నాకు నిశ్చింత" అంది చెల్లెలు. ప్రసన్నలక్ష్మి గుడివాడ వదిలి వచ్చి, ఈడేపల్లిలో రెండు గదుల వాటా తీసుకుని, క్యారియర్లు మొదలుపెట్టింది.

తేజస్విని ఇంటర్ దాకా తెలుగు మీడియం. నర్సింగులో అంతా ఇంగ్లీషే. పైగా ఇంగ్లీషు మేడమ్ ఒక పరీక్ష పెట్టింది. రోగాలు జనంలో ఎలా పాకుతాయో నోటితో ఇంగ్లీషులో చెప్పాలి. దానికి కావలసిన మాటలన్నీ ముందు బట్టీ పట్టాలి. ఆ పిల్ల తెల్లవారగానే వంటగదిలోకి వచ్చి, అటూ ఇటూ తిరుగుతూ వల్లె వేసేది. కత్తిపీట ముందు కూర్చున్న ప్రసన్నలక్ష్మి వంకాయలు తరుగుతూనే చెవి అటు పెట్టేది.

"ఎండెమిక్ అంటే ఒక చోట ఎప్పుడూ అంటిపెట్టుకుని ఉండేది పెద్దమ్మా. ఎపిడెమిక్ అంటే ఉన్నట్టుండి చాలామందిని పట్టేసేది."

"అయితే మన వైపు బోదకాలు ఎండెమిక్కు. మీ పెదతాతయ్య కాలు చూశావుగా. మా అమ్మ చిన్నప్పుడు వాళ్ల పేటలో కలరా తగిలిందట. అది ఎపిడెమిక్కు."

"అంతే. ఇంక ఔట్‌బ్రేక్. ఒక వీధిలోనో, ఒక హాస్టల్లోనో ఒక్కసారిగా బయటపడితే ఔట్‌బ్రేక్. అది ఎక్కడ మొదలైందో అది సోర్సు."

"సోర్సు" అని ఆమె పలికి చూసుకునేది. పదో తరగతి నాటి ఆ ఒక్క సబ్జెక్టు ఇన్నేళ్లకి వంటింట్లోకి వచ్చి కూర్చున్నట్టనిపించేది ఆమెకి. వయసు వెనక్కి పోయినట్టుండేది.

ఒకరోజు తేజస్విని నవ్వుతూ వచ్చింది. "ఇవాళ్టి మాట నీకు ముందే వచ్చు పెద్దమ్మా. క్యారియర్!"

"నాకు రాకపోతే ఇంకెవరికొస్తుందే?"

"ఈ క్యారియర్ వేరు. కొందరికి ఒంట్లో రోగం క్రిములుంటాయి గానీ వాళ్లకి ఏమీ కాదు. జ్వరం రాదు, నలతుండదు. వాళ్ల దగ్గర్నుంచి పక్కవాళ్లకి మాత్రం వెళ్లిపోతుంటుంది. అలాంటి మనిషిని క్యారియర్ అంటారు."

ప్రసన్నలక్ష్మి తరగడం ఆపింది. "వాళ్లకి తెలుస్తుందా?"

"టెస్టు చేస్తేగానీ తెలీదు."

"పాపం" అని, మళ్లీ వంకాయ అందుకుంది.

ముందు వాటాలో లక్ష్మీదుర్గ, ఆమె భర్త దుర్గాశ్రీనివాస్ ఉండేవారు. అతను ఆటో నడిపేవాడు. ఆమె కోనేరు సెంటర్లో బట్టల కొట్లో పని చేసేది. వాళ్లకి ఒక్కతే కూతురు, శ్రీజ. రెండో తరగతి. బడి వదలగానే సంచీ తమ గడపలో పడేసి, సరాసరి వెనక వాటాకి వచ్చేసేది. అమ్మ వచ్చేదాకా ఆ పిల్లకి ప్రసన్నలక్ష్మే అమ్మమ్మ. మధ్యాహ్నం ఆ పిల్ల కోసం తీసి ఉంచిన పెరుగన్నాన్ని చిన్న చిన్న ముద్దలు చేసి పెట్టేది. "నేను తింటాలే అమ్మమ్మా" అంటూనే నోరు తెరిచేది శ్రీజ.

తేజస్విని పాఠాలు ఆ పిల్లకీ అంటుకున్నాయి. ఒక సాయంత్రం పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూసి, "అమ్మమ్మా, ఔట్‌బ్రేక్! ఔట్‌బ్రేక్!" అని కేకలు పెట్టింది. పెద్దమ్మా కూతురూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ తర్వాత ఏది ఒలికినా, ఏది పగిలినా ఆ ఇంట్లో ఔట్‌బ్రేకే.

ఆ ఏడు వానలు పట్టుకున్నాక వీధిలో జ్వరాలు మొదలయ్యాయి. ముందు బ్యాంకు కుర్రాడు వెంకటసాయి. తర్వాత శేషాచలం గారు. ఆ వెనకే ఇంకో ఇద్దరు ముగ్గురు. ప్రసన్నలక్ష్మి అలవాటు కొద్దీ జావ కాచి ఇళ్లకి మోసింది. అంతలో శ్రీజకి ఒళ్లు వెచ్చబడింది. మామూలు జ్వరమేనని లక్ష్మీదుర్గ మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేసింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. పిల్ల బడికి వెళ్లడం మానేసి, ప్రసన్నలక్ష్మి మంచం మీద ముడుచుకుని పడుకునేది. "ఏం తింటావే బంగారూ" అంటే, "పెరుగన్నం" అనేది.

పెట్టింది.

పొట్ట ఉబ్బి, పిల్ల మెలికలు తిరిగిపోతుంటే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ్నుంచి విజయవాడ తీసుకెళ్లమన్నారు. వాళ్ల వెంట ప్రసన్నలక్ష్మి వెళ్లలేదు. ఇంట్లోనే దేవుడి ముందు దీపం పెట్టుకుని కూర్చుంది. మర్నాడు ఫోన్ తేజస్విని ఎత్తింది. విన్నది విని, ఫోన్ అలాగే చేతిలో పట్టుకుని గోడకి జారబడింది.

"ఏమైందే? చెప్పు."

"పేగుకి చిల్లు పడిందట పెద్దమ్మా. పోయిందట."

ఆ మాట ప్రసన్నలక్ష్మి తన జన్మలో రెండోసారి వినడం.

మంచినీళ్ల పైపులోకి మురుగు కలిసిందని వీధంతా అనుకుంది. మున్సిపాలిటీ వాళ్లొచ్చి రోడ్డు తవ్వారు. లక్ష్మీదుర్గ పనికి వెళ్లడం మానేసింది. రోజంతా నీళ్లు కాచేది. కాగిన నీళ్లు పారబోసి మళ్లీ పట్టి మళ్లీ కాచేది. "గ్యాస్ అయిపోయిందని రెండ్రోజులు కాచకుండా పోశాను పిన్నిగారూ. నా చేతులతో నేనే పోశాను" అంటూ ఆ చేతుల్ని తొడలకేసి కొట్టుకునేది. ప్రసన్నలక్ష్మి ఆ చేతులు పట్టుకుని ఆపేది. కాదమ్మా, నీ తప్పు లేదమ్మా అనేది. ఎవరి తప్పో అప్పటికి ఆమెకీ తెలీదు.

జ్వరాల సంగతి తేల్చడానికి ఆరోగ్య శాఖ నుంచి ఒక బృందం వచ్చింది. పెద్దాయన డాక్టర్ నాగభూషణరావు గారు, ఆయన వెంట ఒక పడుచు డాక్టరమ్మ. పైపు నీళ్లు పరీక్షకి పంపారు. జబ్బు పడ్డ ప్రతి ఇంటికీ వెళ్లి, ఏం తిన్నారు, ఏం తాగారు అని ఓపిగ్గా అడిగారు. చివరికి వెనక వాటా గుమ్మం ముందుకొచ్చారు. ప్రసన్నలక్ష్మి కుర్చీలు వేసి, మజ్జిగ ఇవ్వబోయింది. పెద్దాయన వద్దమ్మా అని చేత్తోనే వారించారు. ఆమె పూర్వాపరాలన్నీ అడిగి, పరీక్షకి నమూనాలు ఇమ్మని చెప్పి వెళ్లారు. కొన్నాళ్లకి మళ్లీ వచ్చి, ఇంకోసారి ఇమ్మన్నారు.

మూడోసారి వచ్చినప్పుడు కాగితాలు వాళ్ల చేతిలో ఉన్నాయి. తేజస్విని కాలేజీకి వెళ్లింది. అరుగు మీద కూర్చుని వాళ్లిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. గుమ్మం లోపల నిలబడి ఉన్న ఈ వంటమనిషికి ఏం అర్థమవుతుందిలే అనుకుని ఉంటారు. గొంతు తగ్గించలేదు. మాటలు గబగబా దొర్లిపోతున్నాయి. వాటి మధ్యలోంచి ఆమెకి తెలిసినవి ఒక్కొక్కటే పైకి తేలాయి. ఔట్‌బ్రేక్. కాంటాక్ట్. సోర్స్. నీళ్ల రిపోర్టు నెగటివ్. డాక్టరమ్మ కాగితం మీద వేలు పెట్టి చూపిస్తూ అంది, "క్యారియర్, సర్."

ఇంట్లో క్యారియర్లన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. వాళ్లు వాటి వంక చూడటం లేదు.

ప్రసన్నలక్ష్మి గడప పట్టుకుని కిందికి కూర్చుంది. నాగభూషణరావు గారు కంగారుగా లేచారు. "ఏమ్మా, కళ్లు తిరిగాయా?"

"నేనేనాండీ?" అంది.

ఆయనకి ఒక నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆయన ముఖం మారిపోయింది. అరుగు దిగి వచ్చి, ఆమెకి ఎదురుగా నేల మీదే కూర్చున్నారు. తెలుగులో నెమ్మదిగా చెప్పారు. ఎప్పుడో వచ్చిన టైఫాయిడ్ తాలూకు క్రిములు కొందరి పిత్తాశయంలో ఏళ్లతరబడి ఉండిపోతాయనీ, ఆ మనిషికి ఏ బాధా తెలియదనీ, మందులున్నాయనీ, నయమవుతుందనీ. ఇందులో ఆమె చేసిన నేరం ఏమీ లేదనీ, పేరు బయటికి రానివ్వమనీ చెప్పారు. ఆమె అంతా విన్నది.

"వేడిగా వండి పెట్టిందాంతో కూడా వస్తుందాండీ?"

"బాగా కాగినదాంతో రాదమ్మా. వండాక చేత్తో తాకిందాంతో, చల్లటి పదార్థాలతో వస్తుంది."

"పెరుగన్నంతో?"

ఆయన తల వంచుకున్నారు. పక్కన డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"గుడివాడలో కూడా వండానండి. చాలా ఏళ్లు. అక్కడా కుర్రాళ్లకి జ్వరాలొచ్చేవి. అవి కూడా..."

"అది ఇప్పుడు తేల్చి చెప్పడం ఎవరి తరమూ కాదమ్మా. అటు ఆలోచించకు."

ఆలోచించకుండా ఎలా ఉంటుంది? జావ గ్లాసు అందుకున్న ముఖాలన్నీ ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. వాళ్లలో ఎవరు లేచి తిరిగారో ఆమెకి తెలుసు. జ్వరంతోనే ఊరికి వెళ్లిపోయి, మళ్లీ మెస్సుకి రాని వాళ్లూ ఉన్నారు. కైకలూరు వైపు నుంచి వచ్చిన సన్నటి కుర్రాడొకడు, పేరు యలమంద. నాన్న వచ్చి రిక్షాలో బస్టాండుకి తీసుకెళ్లాడు. తర్వాత ఏమయ్యాడో ఆమె ఏనాడూ వాకబు చెయ్యలేదు.

ఆ సాయంత్రం తేజస్విని ఇంటికొచ్చేసరికి పెద్దమ్మ పెరట్లో కూర్చుని చేతులు కడుక్కుంటోంది. సబ్బు అరిగి పలుచబడిపోయింది. వేళ్లు తెల్లగా నానిపోయాయి. సంగతి విని ఆ పిల్ల ఏడ్చింది. ఏడుస్తూనే ఆమె చేతులు లాగి తుడిచింది.

"ఆ మాట నీకు నేనే నేర్పాను పెద్దమ్మా."

"నువ్వు నేర్పకపోతే మాత్రం అది కాకుండా పోతుందా?" అంది ప్రసన్నలక్ష్మి.

ఒంట్లో బాగోలేదని చెప్పి క్యారియర్లు ఆపేసింది. మందులు మొదలుపెట్టారు. డాక్టర్లు మాట నిలబెట్టుకున్నారు. వీధిలో ఎవరికీ తెలియలేదు. రోడ్డు తవ్విన చోట మట్టి కప్పేశారు. అందరూ పైపునే తిట్టుకున్నారు. ఆమె నోరు మూసుకుని ఉంటే ఆ ఇంట్లో ఎన్నాళ్లయినా ఉండొచ్చు.

కానీ గోడకి అవతల లక్ష్మీదుర్గ నీళ్లు కాస్తూనే ఉంది. గిన్నె మాడిన వాసన వచ్చేది. దుర్గాశ్రీనివాస్ బతిమాలే గొంతు వినిపించేది. "నేనే చంపుకున్నానండీ, నేనే" అన్న ఒకే మాట పొద్దస్తమానం వినిపించేది. ఆ మాట తనది. తనకి రావలసిన శిక్ష ఆ పిల్ల తల్లి మోస్తోంది. ప్రసన్నలక్ష్మికి ముద్ద దిగేది కాదు.

"చెప్పేస్తానే" అంది ఒకరోజు.

తేజస్విని అడ్డం పడింది. "వద్దు పెద్దమ్మా. ఇలాంటివి బయటికి చెప్పకూడదని మాకు పాఠమే ఉంది. వీధిలో బతకనివ్వరు నిన్ను. నువ్వు కావాలని చేశావా?"

"నేను కావాలని చెయ్యలేదు. ఆవిడ అసలు చెయ్యనే లేదు. ఆవిడెందుకు చావాలి?"

ఉతికిన చీర కట్టుకుని ముందు వాటాకి వెళ్లింది. దుర్గాశ్రీనివాస్ ఆటో తీసుకుని అప్పుడే బయల్దేరాడు. లక్ష్మీదుర్గ స్టవ్ ముందు నిలబడి ఉంది. ప్రసన్నలక్ష్మి లోపలికి వెళ్లలేదు. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"దుర్గా, స్టవ్ ఆపెయ్యమ్మా. నీళ్లలో ఏమీ లేదు. పరీక్ష చేశారు."

"మీకెవరు చెప్పారు పిన్నిగారూ?"

"డాక్టరు గారు. జబ్బు నా దగ్గర్నుంచి వచ్చింది. నా ఒంట్లో ఉందట, ఎన్నేళ్ల నుంచో. నాకు తెలీదు. నేను పెట్టిన పెరుగన్నంతో వచ్చిందమ్మా పాపకి. నీళ్లతో కాదు. నీ వల్ల కాదు."

లక్ష్మీదుర్గ స్టవ్ ఆపింది. నీళ్ల మీద బుడగలు ఒక్కొక్కటే అణిగిపోయాయి.

"అప్పుడు మీకు తెలీదా?"

"శ్రీజ మీద ఒట్టు. తెలీదు."

"దాని పేరెత్తకండి."

తిడుతుందనుకుంది ప్రసన్నలక్ష్మి. కొట్టినా బాగుండుననిపించింది. లక్ష్మీదుర్గ తిట్టలేదు. గుమ్మం దాకా వచ్చి, తలుపు మీద చెయ్యి వేసింది.

"ఇంక మా గుమ్మంలోకి రాకండి పిన్నిగారూ" అంది. తలుపు నెమ్మదిగానే వేసింది.

ఆ తర్వాత మాట ఎలా పాకాలో అలా పాకింది. అరుగు పక్కనుంచి వెళ్లేవాళ్లు దూరంగా నడిచారు. ఇంటివాళ్లు ఖాళీ చెయ్యమని కబురు పెట్టారు. దుర్గాశ్రీనివాస్ ఒకసారి వచ్చి, ముఖం పక్కకి తిప్పుకుని, "తొందరగా వెళ్లిపోండి. మీ గొంతు వినబడితే మా ఆవిడ వణికిపోతోంది" అన్నాడు. సామాన్లు సర్దుతున్న రోజున శేషాచలం గారు మాత్రం కర్ర పొడుచుకుంటూ వచ్చారు. జ్వరానికి సగమైపోయిన మనిషి. "నీ చేతి వంట తిన్నన్నాళ్లు ఇంట్లో తిన్నట్టే ఉండేదమ్మా" అన్నారు. ఆ మాట ఆమెకి ఓదార్పు కాలేదు. ఆయన కోసం తలూపింది.

పెడనలో మరిది ఇంటి వెనక గదిలోకి చేరింది. పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలి, దాన్ని తీసేశారు. ఆ తర్వాత చేసిన పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చాయి. "ఇంక నిక్షేపంగా వండుకోవచ్చమ్మా" అన్నారు నాగభూషణరావు గారు. ఆమె దండం పెట్టి వచ్చేసింది. కలంకారీ అద్దకం షెడ్డులో పనికి కుదిరింది. అద్దిన బట్టల్ని కాలవలో జాడించి, ఇసక మీద ఆరబెట్టడం. మోకాలి లోతు నీళ్లలో పొద్దంతా నిలబడేది. ఎర్రరంగు కాలవలో చారలుగా కరిగిపోతుంటే చూస్తూ ఉండేది. తోటి ఆడవాళ్లు మధ్యాహ్నం కూరలు పంచుకునే వేళకి ఈమె తన డబ్బా తీసుకుని పక్కకి వెళ్లిపోయేది. మాటలు రాని మనిషనుకున్నారు వాళ్లు.

తేజస్విని హాస్టల్లో చేరింది. నోటి పరీక్షలో సగం దాకా బాగానే చెప్పిందట. ఒక మాట దగ్గరికొచ్చేసరికి ఆగి, "ఇంకో టాపిక్ ఇవ్వండి మేడమ్" అని అడిగిందట. మేడమ్ కారణం అడగకుండా, రక్తహీనత గురించి చెప్పమన్నారు. పాసైంది.

సంవత్సరం తిరిగాక ఒక ఆదివారం ఆ పిల్ల పెడన వచ్చింది. కోనేరు సెంటర్లో భర్త ఆటో దిగుతూ లక్ష్మీదుర్గ కనిపించిందట. మళ్లీ కొట్లో పనికి వెళ్తోందట. మనిషి కాస్త తేరుకుందట.

"నీళ్లు కాస్తోందా ఇంకా?"

"అలాంటిదేం లేదన్నాడు వాళ్లాయన. రాత్రిళ్లు నిద్ర కూడా పడుతోందట."

ప్రసన్నలక్ష్మి చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. అడగనా వద్దా అన్నట్టు అడిగింది. "నా గురించి ఏమైనా అందా?"

తేజస్విని అబద్ధం చెబుదామనే అనుకుంది. ఆ ముఖం చూశాక చెప్పలేకపోయింది. "లేదు పెద్దమ్మా."

"అనదులే" అంది ఆమె. "అనకపోయినా సరే. పడుకుంటోంది కదా."

ఎండ నడినెత్తికి వచ్చింది. ఆ పిల్లకి ఆకలేస్తోందని ఆమెకి అడక్కుండానే తెలుసు. లేచి, గదిలో మూల ఉన్న బియ్యం డబ్బా చూపించింది. "ఒక గ్లాసు కడిగి పొయ్యి మీద పెట్టుకో. కందిపప్పు పైన అరలో ఉంది."

"నువ్వు చెయ్యి పెద్దమ్మా. అన్నీ నెగటివే కదా. నాకు నీ చేతి అన్నం తినాలనుంది."

ప్రసన్నలక్ష్మి తల అడ్డంగా ఊపింది. గడప అవతల, నీడలో పీట వేసుకుని కూర్చుంది. తేజస్విని బియ్యం కడుగుతోంది. నీళ్లు ఎక్కువ పోస్తుంటే, "చాలు, చాలు, అన్నం జావైపోతుంది" అని అక్కడ్నుంచే చెప్పింది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, పిల్ల వంట చేస్తుంటే చూస్తూ ఉండిపోయింది.